దానమూ, దౌత్యమూ
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీ పని జకాత్, సదఖాలను అర్హులకు చేర్చడం. ఇటువంటి సభలో విదేశాంగ నీతి గురించి మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో తెలుసుకోకపోతే, మన దానం కూడా మెల్లగా దౌత్యంగా మారిపోతుంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మన హైదరాబాదు సంగతితోనే మొదలుపెడతాను. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య జరిగిన రోజుల్లో, నిజాం ప్రభుత్వపు సొమ్ము 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరిట బ్యాంకులో జమ అయింది. తన అనుమతి లేకుండా జరిగిందని, సొమ్ము తిరిగి ఇమ్మని కొద్ది రోజులకే నిజాం నవాబు కోరారు. మాదంటే మాదని రెండు దేశాలూ పట్టుబట్టాయి. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు భారతదేశానికి, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పు చెప్పేనాటికి అది సుమారు 3 కోట్ల 50 లక్షల పౌండ్లయింది. 71 ఏళ్లు! నవాబుగారు 1967లోనే కన్నుమూశారు. వడ్డీ పెరిగింది గాని, అందులోంచి ఒక్క అనాథకు ఒక్క పూట రొట్టె దొరకలేదు.

అదే ఆసఫ్‌జాహీల సొమ్ముది ఇంకో కథ ఉంది. హైదరాబాదు సంస్థానపు హాజీల బస కోసం మక్కాలో రుబాత్ ఏర్పడింది. అది ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలం నుంచి వస్తున్న పుణ్యకార్యం. 1956లో సంస్థానపు జిల్లాలు మూడు రాష్ట్రాల పాలయ్యాయి. రుబాత్ మాత్రం ముక్కలు కాలేదు. తెలంగాణ వారితోబాటు మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల వారినీ లాటరీలో కలిపే చూసింది. మొదటి సొమ్ము రాజ్యాల మధ్య ఇరుక్కుంది. రెండోది అల్లాహ్ పేరిట ఇచ్చి వదులుకున్నది. తేడా అంతే.

అలాగని ప్రభుత్వాలను నిందించడం నా ఉద్దేశం కాదు. 2005 అక్టోబరు 8న కాశ్మీరులో, పాకిస్తాన్ ఉత్తర ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. మన దేశం విమానంలో గుడారాలు, దుప్పట్లు, మందులు పంపింది. వాళ్లు తీసుకున్నారు. హెలికాప్టర్ల దగ్గర పేచీ వచ్చింది. మా పైలట్లతోనే పంపుతామని మనవాళ్లు, పైలట్లు లేకుండా ఇమ్మని వాళ్లు. సైన్యాలు ఎదురెదురుగా నిలబడిన చోట ఇద్దరికీ ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ఆ హెలికాప్టర్లు వెళ్లనే లేదు. ప్రభుత్వం ఇచ్చేది ప్రజల సొమ్ము, కాపాడేది దేశ భద్రత. అది లెక్క చూసుకోకుండా ఉండలేదు.

మరి మనిషి ఇచ్చేటప్పుడు? గీత అనే అమ్మాయి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మాటా వినికిడీ లేని ఆ పసిపిల్ల లాహోరులో రైల్లో దొరికింది. కరాచీలో ఎధీ సంస్థ వారు పెంచారు. బిల్కీస్ ఎధీగారు ఆమెకు గీత అని పేరు పెట్టి, ఆమె పూజ ఆమె చేసుకునేందుకు చోటు చూపించారు. 2015 అక్టోబరు 26న గీత మన దేశానికి వచ్చింది. మన ప్రధాని కోటి రూపాయల విరాళం ప్రకటిస్తే, ఎధీ సంస్థ కృతజ్ఞతలు చెప్పి వద్దంది. ప్రభుత్వాల సొమ్ము ముట్టకపోవడం వారి నియమం. తల్లిదండ్రులను వెతుక్కుంటూ గీత 2020లో మన బాసర దాకా వచ్చింది. మరుసటి ఏడాది మహారాష్ట్రలో తల్లి ఆచూకీ దొరికిందని బిల్కీస్‌గారే చెప్పారు. అటు రెండు దేశాలకూ మాటలు లేని రోజుల్లో కూడా, ఇటు ఒక పిల్లకు అన్నం పెట్టే చెయ్యి ఆగలేదు.

ఇది మనకు కొత్త పాఠం కాదు. యమామా నాయకుడు సుమామా ఇస్లాం స్వీకరించాక మక్కాకు ధాన్యం ఆపేశారు. మక్కా వారు అప్పటికి మదీనాకు శత్రువులు. ఆకలితో అలమటించి వారు దైవప్రవక్త (స)కు రాసుకున్నారు. ధాన్యం వదిలిపెట్టమని ప్రవక్త (స) సుమామాకు కబురంపారు. ఖురాన్ కూడా అన్నం పెట్టవలసిన వారిలో పేదనూ, అనాథనూ చెప్పి, ఖైదీని కూడా చేర్చింది. ఆనాటి ఖైదీ అంటే ఎవరు? నిన్నటిదాకా మన మీదికి కత్తి ఎత్తినవాడే కదా!

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. సరిహద్దు దాటి సొమ్ము పంపాలన్నా, పుచ్చుకోవాలన్నా చట్టం ఉంది. విదేశీ విరాళానికి కేంద్ర హోం శాఖ అనుమతి కావాలి. ఆ చట్టాన్ని మనం తు.చ. తప్పకుండా పాటించాలి. పైసా పైసాకు రసీదు ఉండాలి. అందులో రాజీ లేదు. కానీ చట్టం గీయని గీతలు మనం గీయకూడదు. మనవంటి సంఘాలకు అర్జీ వస్తే ముందు ఏమడుగుతున్నారు? ఏ మొహల్లా? ఏ మస్లక్? ఎవరి మనిషి? పోయిన ఎన్నికల్లో ఎటు ఉన్నాడు? ఇది దానమా, విదేశాంగ శాఖా? అనుమానం, పొత్తు, ప్రతిఫలం చూసుకోవడం రాజ్యాలకు తప్పదు. బైతుల్ మాల్ పెట్టెకు ఆ అవసరం లేదు.

జకాత్‌కు ఖురాన్ ఎనిమిది వర్గాలు చెప్పింది. ఆ హద్దులో జకాత్ ఖర్చుపెడదాం. సదఖాకు అంతకన్నా విశాలమైన దారి ఉంది. గాంధీ ఆసుపత్రి గేటు దగ్గర రాత్రి పడుకునే రోగి బంధువు ఏ జిల్లావాడైనా, ఏ మతంవాడైనా, మన అన్నం పొట్లం అతనికి చేరాలి. అర్జీ ఫారంలో అవసరం ఏమిటన్న ప్రశ్న మొదట ఉండాలి. ఎవరి తాలూకు అన్న ప్రశ్న అసలు ఉండకూడదు. ఈ ఏడాది కార్యవర్గం ఈ ఒక్క మార్పు చేయాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

అల్లాహ్ మన చేతులకు ఆ విశాలత ప్రసాదించుగాక. ఆమీన్.