మీట మనిషి చేతిలోనే ఉండాలి

పట్టాలు అందుకుంటున్న మీకూ, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలకూ అభినందనలు.

హైదరాబాద్ పక్కనున్న మన మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, మెడికల్ కాలేజీలున్నాయి. ఈ రెండూ కలిసి చేయాల్సిన పని ఒకటుంది: కదలిక కోల్పోయిన చేతిని మళ్లీ కదిలించడం. ఇటుగా వెళ్లే బీజాపూర్ రోడ్డు మీది ప్రమాదాల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే మెదడు ఆజ్ఞ చేతికి చేరదు. కానీ చాలామందిలో చేతి కండరమూ, దాని నరమూ బతికే ఉంటాయి. చిన్న విద్యుత్ పల్స్ ఇస్తే కదులుతాయి.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హంటర్ పెక్‌హామ్ బృందం దీని మీదే ఏళ్ల తరబడి పనిచేసి 'ఫ్రీహ్యాండ్' తయారుచేసింది. 1997లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతిచ్చింది. ఛాతీ చర్మం కింద స్టిమ్యులేటర్, చేతి కండరాలకు 8 ఎలక్ట్రోడ్లు. లోపల బ్యాటరీ లేదు. చర్మం మీద పెట్టిన కాయిల్ రేడియో తరంగాలతో కరెంటునీ, ఆజ్ఞల్నీ పంపేది. రెండోవైపు భుజాన్ని కదిపితే పిడికిలి తెరుచుకునేది, మూసుకునేది. ఎంత పట్టు కావాలో ఆ మనిషే నిర్ణయించుకునేవాడు.

ఇందులో కష్టమంతా పల్స్‌లను నియంత్రించే కంట్రోలర్‌దే. పల్స్ ఒకవైపే పోతే కణజాలం, ఎలక్ట్రోడ్ రెండూ పాడవుతాయి. అందుకే పంపిన చార్జిని ఎదురు పల్స్‌తో వెనక్కి తీయాలి. పైగా బయటి విద్యుత్తు త్వరగా అలసిపోయే కండర తంతువుల్నే ముందు కదిలిస్తుంది. కాబట్టి పొదుపుగా ఇవ్వాలి.

200 మందికి పైగా ఫ్రీహ్యాండ్ అమర్చారు. కొన్నేళ్లకే దాన్ని తయారుచేసే కంపెనీ ఉత్పత్తి ఆపేసింది. పరికరం ఒంట్లోనే ఉండిపోయింది, విడిభాగాలు మాత్రం కరవయ్యాయి. సర్క్యూట్ బాగా పనిచేసింది. వ్యాపార లెక్కే తప్పింది.

మన దగ్గరా ఒక పాఠముంది. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు మూడేసి కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, అబ్దుల్ కలాం బృందం క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో వాటిని 300 గ్రాములకు దించింది. వార్డులోకి వెళ్లి చూశారు కాబట్టే అది సాధ్యమైంది.

ఇంజనీర్లూ, సర్క్యూట్ గీసేముందు ఫిజియోథెరపీ వార్డులో కూర్చోండి. డాక్టర్లూ, పరికరం అమర్చేముందు పదేళ్ల తర్వాత దాన్ని ఎవరు బాగుచేస్తారని అడగండి. కంపెనీ మూతపడినా మన పక్కనే ఉన్న చేవెళ్లలోని టెక్నీషియన్ ఒంటి బయట ఉండే కంట్రోలర్ పెట్టెను విప్పి సరిచేయగలగాలి. అలా తయారుచేయండి. మీ పట్టాకు అదే అసలు పరీక్ష.