ఆదిలాబాద్ అడవి: గీతకు అటూ ఇటూ
(మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల స్మారకోపన్యాసం)



మన జిల్లా చరిత్రను చాందా గోండు రాజులతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ మాటా చెప్పుకుందాం గానీ అక్కడ ఎక్కువసేపు ఆగను. ఉట్నూరు, మాణిక్‌గఢ్ కోటలు గోండు ఏలుబడికి గుర్తులు. 1751లో ఆ రాజ్యం నాగపూర్ భోంస్లేల వశమైంది. 1860లో తిరుగుబాటు నాయకుడు రాంజీ గోండును నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. జనం వెయ్యి ఉరుల మర్రి అని చెప్పుకున్న ఆ చెట్టు కూడా తర్వాత గాలివానకు కూలిపోయింది.

ఈ ప్రాంతాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తలకిందులు చేసింది మాత్రం అటవీశాఖ గీసిన హద్దు గీత. నా ఉపన్యాసమంతా దాని గురించే.

గోండులు, కొలాములు ఒక చెలకను కొన్నేళ్లు దున్నేవారు. నేల సత్తువ తగ్గగానే దాన్ని బీడు పెట్టి పక్కకు జరిగేవారు. నేల తేరుకున్నాక మళ్లీ అక్కడికే వచ్చేవారు. రిజర్వు అడవికి హద్దులు వేసిన నాడు బీడుగా కనిపించిన చేలు అడవి లెక్కలోకి పోయాయి. తాత దున్నిన నేలలో మనవడు నాగలి పెడితే కేసు. పశువులు మేపితే బంబ్రం, కట్టెలు తెచ్చుకుంటే దూపపెట్టి అనే పన్నులు కట్టాల్సి వచ్చేది. గీతకు ఇవతల మిగిలిన నేలైనా దక్కిందా అంటే అదీ లేదు. 1920ల చివర కాజీపేట-బల్లార్షా రైలు దారి పడ్డాక మైదానాల వాళ్ల రాక పెరిగింది. వాళ్లకు పట్టా కాగితం విలువ తెలుసు. తరతరాలుగా దున్నుతున్నవాడికి అలాంటి కాగితం ఒకటుంటుందనే తెలియదు.

గోండు నాయకుడు కుమ్రం భీం అడిగింది ఏమిటి? జోడేఘాట్, బాబేఝరి చుట్టుపక్కల పన్నెండు ఊళ్లలో తమను దున్నుకోనివ్వమని. ముందు అర్జీలే పెట్టుకున్నాడు. పలికిన నాథుడు లేడు. 1940లో జోడేఘాట్ గుట్ట మీద నిజాం సర్కారు తుపాకులతో జవాబు చెప్పింది.

ఆ నెత్తురు ఆరకముందే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఇటు వచ్చాడు. పుట్టింది వియన్నాలో. యుద్ధకాలంలో చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ వాళ్లకు అనుమానపు మనిషి. ఆయనా, భార్య బెట్టీ ఇదే మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో ఇక్కడే గోండు పంతుళ్ల శిక్షణ మొదలైంది. నాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. లక్ష ఎకరాలకు పైగా భూమికి పట్టాలు అందాయి. ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. నిజాం సర్కారు కొలువులో పనిచేసినవాడే. భీం ప్రాణం పోకపోయుంటే సర్కారుకు ఆయన అవసరం తట్టేది కాదని నా అభిప్రాయం. అయినా బెట్టీ 1987లో కన్నుమూస్తే ఆమె కోరిక ప్రకారం ఈ మట్టిలోనే సమాధి చేశారు. 2012లో ఆయన అస్థికలూ ఇక్కడికే చేరాయి.

ఆయన చేసిన పనుల్లో నాకు ఎక్కువ నచ్చేది కేస్లాపూర్ దర్బారు. అక్కడి నాగోబా జాతరకు గోండుల్లోని మెస్రం వంశస్తులు హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి ఇత్తడి ఝారిలో గోదావరి జలం తెస్తారు. కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర్నుంచి రావాలి. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. ఆపైన తెల్లచీర కట్టి ముసుగు వేసుకున్న కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. జనం ఎలాగూ అక్కడికి చేరతారు కాబట్టి అధికారులే వచ్చి గోడు వినాలని హైమన్‌డార్ఫ్ 1940ల్లో దర్బారు పెట్టించాడు. భీం అర్జీలకు దక్కని మర్యాద అది.

తర్వాత కూడా గీతలు ఆగలేదు. భూమి కోసం సభకు వచ్చినవాళ్ల మీద 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. జనం లెక్క అంతకు చాలా ఎక్కువ. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం హద్దులు వచ్చాయి. 2016లో జిల్లానే నాలుగు ముక్కలైంది. ఒకే తెగ మనుషులు ఒక పనికి ఆసిఫాబాద్, ఇంకో పనికి ఉట్నూరు తిరుగుతున్నారు.

వేదిక మీదున్న అధికారులకు ఒక విన్నపం. దర్బారులో అర్జీలు తీసుకుంటున్నారు. వచ్చే ఏడాది కొత్త అర్జీలు తీసుకునే ముందు, నిరుటి వాటిలో ఎన్నింటికి ఏం జవాబిచ్చారో గోండిలో చదివి వినిపించండి.