పశువుల కొట్టము వఱకు రావలసిన విద్య



జంతువులకు వచ్చు వైరసు వ్యాధులను నానో సాంకేతికతతో ఎదుర్కొనుటను గూర్చి నేడును రేపును ఈ విద్వత్సభలో పెక్కు పత్రములు చదువబడనున్నవి. ఆ విద్య ఎవరి కొఱకో, ఏ గడప చేరినప్పుడు అది సార్థకమగునో, ఆ మాట చెప్పుటకే అధ్యక్షునిగా నాకు లభించిన ఈ అవకాశమును వినియోగించుకొందును.

గాలికుంటు సోకిన ఎద్దును చూచినవారు ఆ దృశ్యమును మఱవలేరు. తీగలుతీగలుగా చొంగ కార్చుచు, నాలుకపై బొబ్బలు చిట్లి గడ్డిపరకనైన నమలజాలక, గిట్టల నడుమ పుండ్ల బాధకు ఒక కాలు దించి మఱియొక కాలెత్తుచు అది నిలిచియుండును. రైతు పటికనీటితో దాని నోరు కడిగి, గిట్టలకు వేపనూనె పూసి, దుక్కి అదను దాటిపోవుచుండగా ఆకాశము వంక చూచుచు కూర్చుండును. పెద్దపశువు చాలవఱకు బ్రదుకును. కాని లేగదూడ, ఒంటిపై బొబ్బయైన పుట్టకముందే, గుండె ఆగి కూలిపోవుట కలదు. దానిని కోసి చూచినప్పుడు గుండె కండరముపై పులిచారల వంటి పాలిపోయిన చారలు కనబడును.

1898లో జర్మనీ దేశపు పండితులైన లోఫ్లర్, ఫ్రోష్ ఇట్టి బొబ్బల రసిని బాక్టీరియాను ఆపివేయు వడపోతల గుండ పోనిచ్చి, వడిసిన ద్రవము సైతము దూడలకు వ్యాధి నంటించుటను కనుగొనిరి. జంతువ్యాధులను కలిగించు వైరసులలో మొట్టమొదట గుర్తింపబడినది ఈ గాలికుంటు వైరసే. దీని అడ్డుకొలత సుమారు 30 నానోమీటర్లు. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. ఒక తలవెండ్రుక మందములో ఇట్టి కణములు 2,000 వఱకు బారుతీరి నిలువగలవు. కావున వైరసు పుట్టుకతోడనే నానోలోకమునకు చెందినది. ఆ కొలతకు దిగివచ్చిన పనిముట్లు మన చేతికందుటయే నిన్నమొన్నటి మాట.

గాలికుంటు టీకాకై వాడుకలోనున్న పద్ధతిలో వైరసును పెంచి, రసాయనముతో నిర్వీర్యము చేయుదురు. దాని పైపెంకు మిక్కిలి సుకుమారము. వేడి తగిలినను, ఆమ్లము సోకినను అది ముక్కలుగా విడిపోవును; విడిపోయిన పెంకు రక్షణశక్తిని తగినంతగా పుట్టింపజాలదు. అందుచేత టీకాను తయారైనది మొదలు సూది గ్రుచ్చు క్షణము వఱకు 2 నుండి 8 డిగ్రీల చలువలో కాపాడవలసియున్నది. ఇక పెంచుటలోని ప్రమాదమో! 2007లో ఇంగ్లండునందు పర్‌బ్రైట్ పరిశోధనాస్థలపు మురుగుగొట్టముల నుండి వెలువడిన వైరసు సర్రే ప్రాంతపు పొలములలోని పశువులకు సోకెను. ఈ రెండు చిక్కులకును 2013లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఒక త్రోవ చూపిరి. జన్యుపదార్థము లేని ఖాళీ పెంకును మాత్రమే నిర్మించి, దాని భాగముల నడుమ గట్టి రసాయనబంధము వేసిరి. అది వేడికి ఓర్చును. లోన విత్తనము లేదు గనుక వ్యాధిని మొలకెత్తింపదు. అయినను శరీరము దానిని శత్రువనియే ఎంచి సిద్ధపడును.

మన తీరమునకు రండు. 1990వ దశకము నడుమ తెల్లమచ్చ వైరసు కోస్తా చెరువులపై పడి, రొయ్యలనే నమ్ముకొన్న కుటుంబముల ఆశలను కొలదిదినములలో తుడిచివేసినది. రొయ్య పశువువలె ప్రతిరక్షకములను తయారుచేయలేదు. చెరువునిండ నున్న రొయ్యలకు సూదిమందు వేయుట మానవసాధ్యము గాదు. మందు మేతతోడనే పోవలెను, పేగులో జీర్ణమైపోకుండ నిలువవలెను. ఇచ్చట పనికివచ్చినది కైటోసాను. రొయ్యల, పీతల పెంకుల నుండి తీయబడు ఈ పదార్థము ధనవిద్యుదావేశము కలదగుటచే జన్యుపదార్థమును పొదివి పట్టుకొని, పేగుగోడ నంటుకొనును. 2009లో తమిళనాటి మేల్విషారము పరిశోధకులు వైరసు పైపొరకు చెందిన ఒక జన్యువును కైటోసాను నానోకణములలో నిమిడ్చి రొయ్యల మేతలో కలిపిరి. పిమ్మట వైరసు సోకించినను ఆ మేత తిన్న రొయ్యలు ఎక్కువగా బ్రదికెను. మనము ఒలిచి పారవైచు పెంకు వేఱొక రొయ్యకు కవచమగుట నన్ను ఎంతయో కదల్చిన విషయము.

అయినను తొందరపాటు తగదు. వెండి నానోకణములు గాజుపాత్రలలో పెక్కు వైరసులను అణచుట నిజమే. అవి పశువు కాలేయమున ఎంతకాలము నిలుచునో, పాలలోనికి, మాంసములోనికి ఎంత వచ్చునో తేలకముందు వానిని మేతలో కలుపుట ఆ పాలు త్రాగు పసిబిడ్డకు ద్రోహము.

మందు నిరపాయమైనంత మాత్రమున చాలదు, అది మంద వద్దకు చేరవలెను; ముసరవ్యాధిని తలచుకొనుడు. ఊళ్లకూళ్లు గొడ్లులేకుండ చేసిన ఆ పీడ 2011లో భూమిపై నుండి తుడిచివేయబడినదని ప్రకటింపబడినది. దానికి మంచి టీకా 1960వ దశకముననే లభించినను, ఆఫ్రికాలో బాటలులేని బయళ్ల పశువులకు అది చాలకాలము చేరలేదు. వేడికి చెడని టీకా సిద్ధమై, పశువులకాపరులే దానిని చేతబట్టి మందల వెంట నడచిన తరువాతనే అచ్చట వ్యాధి కడతేరినది. రోగమును జయించినది టీకా. ఆ టీకాను మంద వద్దకు చేర్చినది వేడికి నిలిచిన గుణము, కాపరి నడక.

కావున పత్రసమర్పకులను నేనొకటి వేడుకొందును. మీ కణము కొలతయు, ఆవేశమును, ఫలితమును చెప్పిన పిమ్మట ఇంకొక వాక్యము చేర్చుడు: రోహిణికార్తె ఎండలో, ఊరి పశువులకు సేవచేయు గోపాలమిత్ర భుజమునకు తగిలించుకొన్న సంచిలో, ఈ మందు ఎన్ని దినములు చెడక నిలుచును? ఆ ప్రశ్నకు సమాధానము దొరకిననాడు ఈ విద్య కొట్టము చేరినట్లే. ఆ సమాధానమును వెదకుటకై ఈ సభను ప్రారంభించుచున్నాను.