ఖుక్రీ పేరు మోసిన రెండు ఓడలు



మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టుకోవడం మామూలే. తాత నిండుగా బతికి పోయినవాడైతే సంబరంగా పెడతారు. అర్ధాంతరంగా పోయినవాడైతే మాత్రం పెద్దవాళ్ళు కాస్త తటపటాయిస్తారు. నౌకాదళానికి ఆ పట్టింపు లేదు. శత్రువు చేతిలో మునిగిపోయిన ఓడ పేరునే ఏరికోరి మరో ఓడకు పెట్టింది. ఆ పేరు ఖుక్రీ. గూర్ఖా సైనికుల నడుముకు వేలాడే వంపు కత్తి అది.

పేరు తిరిగి వాడుకోవడం కొత్తేమీ కాదు. మన గోదావరి పేరుతో 1953లో బ్రిటన్ నుంచి వచ్చిన పాత ఓడ ఒకటి పనిచేసింది. ముంబైలో కట్టి 1983లో నౌకాదళంలో చేర్చుకున్న ఫ్రిగేట్‌కూ అదే పేరు పెట్టారు. విక్రాంత్ సంగతి మీకు తెలిసిందే, 1961లో ఒకటి, 2022లో మరొకటి. అయితే ఆ పాత ఓడలు శత్రువు చేతిలో మునిగినవి కావు. ఖుక్రీ కథ వేరు.

మొదటి ఖుక్రీని ఇంగ్లండ్‌లో, వైట్ ద్వీపంలోని కౌస్ పట్టణంలో కట్టారు. 1958లో మన నౌకాదళంలో చేరింది. కిర్పాన్, కుఠార్ అని దానికి తోబుట్టువులు రెండు. ముగ్గురివీ ఆయుధాల పేర్లే. వీటి పని జలాంతర్గాములను వేటాడడం. ఖర్చు తగ్గించి చేసిన నమూనా కావడంతో ఫిరంగులు కూడా చిన్నవే. నీళ్ళలోకి శబ్దం పంపి, అది దేనికైనా తగిలి తిరిగి వస్తే విని పసిగట్టే సోనార్ పరికరమే దాని అసలు బలం. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళి చూసినవాళ్ళకు ఈ వేట సంగతి కొంత తెలిసే ఉంటుంది. 

ఇక 1971 డిసెంబర్, పాకిస్తాన్‌తో యుద్ధం. మన క్షిపణి బోట్లు కరాచీ మీద దాడి చేశాయి. ఇటు గుజరాత్ తీరంలో డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి తిరుగుతోందని దాని రేడియో సంకేతాలను బట్టి మనవాళ్ళు పసిగట్టారు. దాని పేరు హంగోర్. ఫ్రాన్స్‌లో తయారైన డాఫ్నే తరగతి జలాంతర్గామి, అప్పటికి బాగా కొత్తది. దాన్ని పట్టుకోవడానికి బొంబాయి నుంచి ఖుక్రీ, కిర్పాన్ బయలుదేరాయి. ఆ దళానికి నాయకుడూ, ఖుక్రీ కెప్టెనూ మహేంద్ర నాథ్ ముల్లాయే.

వేటగాడి కంటే వేటకే చూపు ఎక్కువ దూరం ఆనింది. మన సోనార్ అందుకోగలిగిన దూరం కంటే ఎక్కువ దూరం నుంచే హంగోర్ మన ఓడలను వినగలిగింది. పైగా సోనార్ దూరం పెంచే ఒక పరికరాన్ని పరీక్షించడం కోసం ఖుక్రీ వేగం తగ్గించి వెళ్తోందని నౌకాదళ చరిత్రలో రాశారు. జలాంతర్గామి ఉందని తెలిసిన నీళ్ళలో నెమ్మదిగా వెళ్ళడం ఎంత ప్రమాదమో నావికులకు చెప్పనక్కర్లేదు. ఆ పరికరం పనికొస్తే వేట గెలుస్తామన్న ఆశే వాళ్ళను నడిపించి ఉంటుందని నాకనిపిస్తుంది.

డిసెంబర్ 9, రాత్రి తొమ్మిది గంటలు కావడానికి కాస్త ముందు. హంగోర్ మొదట కిర్పాన్ మీదికి వదిలిన టార్పెడో పేలలేదు. రెండోది ఖుక్రీకి తగిలింది. ఓడ నిమిషాల్లో మునిగిపోయింది. ముల్లా తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికుడికి ఇచ్చేశాడు. చేతనైనంత మందిని నీళ్ళలోకి దూకించాడు. ఇంకా ఎవరినైనా కాపాడే వీలుందా అని చూడడానికి తిరిగి బ్రిడ్జి మీదికి వెళ్ళాడు. ఓడతో పాటే ఆయనా వెళ్ళిపోయాడు. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. మర్నాడు కచ్చల్ అనే మన ఓడ వచ్చి, రాత్రంతా నీళ్ళలో తేలుతూ ఉన్న 67 మందిని పైకి లాగింది. ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జలాంతర్గామి దాడిలో మునిగిన మొదటి యుద్ధనౌక ఖుక్రీయే.

అక్కణ్ణుంచి దాదాపు 18 ఏళ్ళు ఆ పేరుతో ఓడ లేదు. 1989 ఆగస్టు 23న ముంబై మజగావ్ డాక్‌లో కట్టిన కొత్త కార్వెట్‌ను ఖుక్రీ పేరుతో నౌకాదళంలో చేర్చుకున్నారు. పాత ఓడ ఒంటి మీద రాసిన సంఖ్య 149. కొత్తదాని మీద 49. ఒకటి తీసేసినా చుట్టరికం తెలుస్తూనే ఉంటుంది. వెనకే కుఠార్, కిర్పాన్ పేర్లు కూడా కొత్త ఓడలకు తిరిగి వచ్చాయి, ఖంజర్ అని నాలుగోది కలిసింది.

పేరు వచ్చింది గానీ పని మాత్రం వారసత్వంగా రాలేదు. పాత ఖుక్రీ నీటి కింద వెతికింది. కొత్త ఖుక్రీ పని నీటి పైన తిరిగే ఓడల మీద క్షిపణులు వదలడం. పేరు నిలబెట్టాలంటే తాత చేసిన పనే మనవడూ చేయాలని నౌకాదళం అనుకోలేదు, మంచిదే. పశ్చిమ తీరంలోనూ తూర్పు తీరంలోనూ అది 32 ఏళ్ళు కొలువు చేసింది. 28 మంది కెప్టెన్లు మారారు. తిరిగిన దూరం ఆరు లక్షల నలభై వేల నాటికల్ మైళ్ళ పైమాటే.

దాని కొలువు ముగిసింది మన విశాఖపట్నంలో. 2021 డిసెంబర్ 23న సూర్యాస్తమయం వేళ జెండా దించారు. తుక్కు కింద అమ్మేస్తారేమో అనుకునేలోపు, 2022 జనవరి 26న డయ్యూ పాలనా యంత్రాంగానికి అప్పగించారు, మ్యూజియం చేసుకోమని. డయ్యూలో అప్పటికే మొదటి ఖుక్రీ స్మారకం ఉంది. సముద్రం కనిపించే చిన్న గుట్ట మీద, అద్దాల పెట్టెలో ఓడ నమూనా నిలబెట్టారు. తూర్పు తీరంలో రిటైరైన రెండో ఖుక్రీ, దేశం చుట్టూ తిరిగి ఆ తీరానికే చేరింది. ఇలాంటి నిర్ణయం ఏ కమిటీ గదిలో తీసుకున్నారో గానీ, తీసుకున్నవాళ్ళకు నా నమస్కారం.

రెండో కిర్పాన్ దారి మరొకటి. 2023 జూన్‌లో అది కూడా విశాఖ నుంచే బయలుదేరి, జూలై 22న వియత్నాంలోని కామ్ రాన్ రేవులో ఆ దేశ నౌకాదళానికి కానుకగా చేరింది, ఆయుధాలతో సహా. ఓడ వెళ్ళింది గానీ పేరు మన దగ్గరే ఉంది. కావాలంటే మూడో కిర్పాన్‌కు పెట్టుకోవచ్చు.