టన్నుకు మూడు చదరపు మీటర్లు: ధ్రువ సముద్రాల మంచు, మన విధానాల తగవు

జీవితమంతా భూగోళం బోధించిన ఒక ఉపాధ్యాయుని పేరిట జరిగే ఉపన్యాసమిది. అందుకే ధ్రువ సముద్రాల మీది మంచును విషయంగా తీసుకున్నాను. ఈ మంచు చుట్టూ నలభై ఏళ్లుగా రెండు చర్చలు నడుస్తున్నాయి. మంచు ఎంత తగ్గింది, ఎందుకు తగ్గిందన్నది మొదటిది. అది కొలతతో తేలుతుంది, చాలావరకు తేలింది కూడా. ఉద్గారాలను తగ్గించే భారం ఎవరు ఎంత మోయాలన్నది రెండోది. అది న్యాయాన్యాయాల విచారణతో తేలాలి. రెండో చర్చకు సిద్ధంగా లేనివారు మొదటిదాన్ని పదేపదే తిరగదోడుతున్నారు. ఈ రెంటినీ విడదీసి చూస్తే తప్ప వాతావరణ విధానం మీద నిజాయితీగల సంభాషణ సాధ్యం కాదని నా వాదం.

ముందు ఆ మంచును దగ్గరగా చూద్దాం. సముద్రపు నీటిలో ఉప్పుంటుంది కనుక అది సుమారు మైనస్ 1.8 డిగ్రీలకు చల్లబడితేగాని గడ్డకట్టదు. మొదట సూదుల్లాంటి పలుకులు ఏర్పడతాయి, అవి అతుక్కుని పలకలవుతాయి. ఉప్పు ఆ పలుకుల్లో ఇమడదు. చిక్కటి ఉప్పునీరుగా మారి, పలకలోని సన్నటి దారుల వెంట మెల్లగా కిందికి కారిపోతుంది. పలక అడుగువైపు నుంచి పెరుగుతూ ఒక్క చలికాలంలో రెండు మీటర్ల దాకా మందం సంతరించుకుంటుంది. వేసవిని తట్టుకున్న మంచు మరుసటేడు ఇంకా మందమవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఉప్పు వదిలిపోయి, కరిగిస్తే తాగడానికి పనికొస్తుంది. 1980ల నడుమ ఆర్కిటిక్ చలికాలపు మంచులో నాలుగేళ్లు దాటిన ముదురు మంచు మూడో వంతు దాకా ఉండేది. ఇప్పుడు నూటికి ఐదు పాళ్లయినా లేదు. మిగిలినది ఎక్కువగా నిన్నటి చలికాలంలో పుట్టిన లేత మంచు. వేసవి కాస్త ముదిరితే అది నిలవదు.

ఈ సంగతి ఎలా తెలిసిందని అడగడం సబబే. 1978లో నింగికెగసిన నింబస్-7 ఉపగ్రహంతో మొదలై నేటి దాకా కొలతలు తెగకుండా సాగుతున్నాయి. మంచు, నీరు వెలువరించే మైక్రోవేవ్ తరంగాలు వేరువేరుగా ఉంటాయి. వాటికి ధ్రువరాత్రి చీకటి గాని, మబ్బులు గాని అడ్డు కావు. సముద్రాన్ని సుమారు 25 కిలోమీటర్ల గళ్లుగా విడదీసి, 15 శాతానికి మించి మంచు ఉన్న ప్రతి గడినీ మంచు కింద లెక్కవేస్తారు. ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. వేసవిలో పలకల మీద నిలిచే కరుగునీటి మడుగులు ఉపగ్రహానికి సముద్రంలాగే అగుపిస్తాయి. అయితే ఏ ఏడాదికైనా అదే కొలబద్ద కాబట్టి ఏటికేడాది వచ్చే మార్పు దాని వల్ల తారుమారు కాదు. ఆర్కిటిక్ మంచు అత్యల్పంగా ఉండే సెప్టెంబరులో దాని విస్తీర్ణం 1980లలో సగటున 70 లక్షల చదరపు కిలోమీటర్ల దగ్గర ఉండేది. 2012లో 34 లక్షలకు పడిపోయింది. ఇటీవలి ఏళ్లలో 45 లక్షలకు అటూఇటూగా ఉంటోంది. పోయినది రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణానికి సుమారు తొమ్మిది రెట్లు. మందం సాక్ష్యం ఇంకో దారిన వచ్చింది. జలాంతర్గాముల సోనార్ కొలతలనూ ఉపగ్రహపు లేజర్ కొలతలనూ జోడించి చూస్తే, ఆర్కిటిక్ నడిమి భాగంలో చలికాలపు సగటు మందం 1980లో 3.64 మీటర్లు, 2008 నాటికి 1.89 మీటర్లు.

కారణం కూడా ముందే ఊహించినదే. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లోనే లెక్కకట్టాడు. 1980లో మనాబే, స్టౌఫర్‌ల కంప్యూటర్ నమూనా ఆ వేడి ఉత్తర ధ్రువం వైపు మరింత ఎక్కువగా ఉంటుందని చూపింది. అందుకు ఒక ముఖ్య కారణం ఇది: మంచు కప్పిన సముద్రం ఎండలో సగానికి పైగా తిప్పికొడుతుంది. మంచు తొలగిన సముద్రం నూటికి తొంభై పాళ్లకు పైగా మింగేస్తుంది. 2016లో నాట్జ్, స్ట్రోవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో ఒక సూటి లెక్క ప్రచురించారు. మనుషులు గాలిలోకి వదిలే ప్రతి టన్ను బొగ్గుపులుసు వాయువుకు సెప్టెంబరు మంచు సగటున మూడు చదరపు మీటర్ల మేర తగ్గుతూ వచ్చిందని దాని సారం. ఒక గదిలో పరిచే చాపంత మేర. ప్రపంచమంతా కలిసి ఏటా వదిలేది సుమారు 4,000 కోట్ల టన్నులు. దీర్ఘకాలపు సగటున ఇది ఏడాదికి 1.2 లక్షల చదరపు కిలోమీటర్ల మంచుకు, అంటే తెలంగాణ అంత మేరకు సమానం.

ఆక్షేపణలను దాటవేయకూడదు. అంటార్కిటికా చుట్టూ మంచు పెరిగింది కదా అన్నది మొదటిది. 2014 వరకు అది నిజమే. ఆ ఏడాది సెప్టెంబరులో అక్కడి మంచు రెండు కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు సృష్టించింది. దక్షిణాన ఖండం చుట్టూ సముద్రం ఉంది, ఉత్తరాన సముద్రం చుట్టూ ఖండాలున్నాయి. గాలులు, లోతు నుంచి పైకొచ్చే నీరు దక్షిణాన వేరే తీరున పనిచేస్తాయి. కానీ 2016 నుంచి అక్కడా మంచు హఠాత్తుగా తగ్గింది. 2023 ఫిబ్రవరిలో 18 లక్షల లోపుకు దిగి ఉపగ్రహ చరిత్రలోనే అత్యల్పంగా నమోదైంది. 2012 రికార్డు ఆర్కిటిక్‌లో ఇంకా చెక్కుచెదరలేదు కదా అన్నది రెండోది. ఇదీ నిజమే. గాలులు, ప్రవాహాల సహజ ఊగిసలాట ఒకప్పుడు తరుగుదలను తొందరపెడుతుంది, ఇంకొకప్పుడు నెమ్మదింపజేస్తుంది. అయినా 2007 తర్వాతి ఏ సెప్టెంబరూ అంతకుముందరి స్థాయికి తిరిగి చేరలేదు. 2025 మార్చిలో చలికాలపు గరిష్ఠ విస్తీర్ణమే రికార్డు స్థాయికి తగ్గింది. జోస్యాలు తప్పాయన్నది మూడోది. 2013కో 2016కో ఆర్కిటిక్ వేసవిలో మంచే మిగలదని కొందరు చెప్పారు, అది జరగలేదు. అవి విడి వ్యక్తుల అంచనాలు. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘమైన ఐపీసీసీ 2021 నాటి నివేదిక 2050 లోపు కనీసం ఒక్క సెప్టెంబరులోనైనా మంచు 10 లక్షల చదరపు కిలోమీటర్ల లోపుకు పడిపోవచ్చని మాత్రమే చెప్పింది. విధానాన్ని ఒక తేదీ మీద పందెం కాసినవారు ఆ తేదీ దాటగానే విధానానికే చేటు చేశారు.

మన వైపునా ఒక అతిశయోక్తి వినబడుతుంటుంది. ఆర్కిటిక్ సముద్రపు మంచు కరిగితే ఉప్పాడ, విశాఖ తీరాలు మునుగుతాయని అంటారు. తేలే మంచు కరిగితే సముద్రమట్టం దాదాపుగా మారదు. తీరానికి ముప్పు వేడికి వ్యాకోచించే సముద్రజలం నుంచి, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేలల మీద కరిగే మంచు నుంచి వస్తుంది. అయితే ఆ రెంటికీ సముద్రపు మంచు తరుగుదలకూ మూలం ఒకే వేడి. సరైన కారణం చెబితేనే జాలరి పల్లెలకు సరైన రక్షణ అడగగలం.

ఇక అసలు తగవుకు వద్దాం. సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల దరిదాపు, అంటే ఆరు చదరపు మీటర్ల మంచు. సగటు అమెరికన్‌ది నలభై చదరపు మీటర్లకు పైనే. చరిత్రలో పేరుకున్న వాయువును కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి మంచును చూపి అందరి మీదా సమాన భారం మోపడం అన్యాయం. ధనిక దేశాలు ముందుగా, వేగంగా తగ్గించుకోవాలి, పేద దేశాల మార్పుకు డబ్బు, సాంకేతికత ఇవ్వాలి. అదే సమయంలో మొత్తం ఉద్గారాల్లో భారతదేశం మూడో స్థానంలో ఉందన్నదీ వాస్తవమే. తలసరి లెక్క మనకు వ్యవధినిస్తుంది, నిర్లక్ష్యానికి అనుమతినివ్వదు. 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేస్తామని గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్ ఇచ్చిన మాటను నెరవేర్చే దారి నేడు కట్టే విద్యుత్ కేంద్రాల్లో, ఇళ్లలో, రవాణాలో పడుతుంది.

ఇప్పటికే ఆలస్యమైంది, ఇంక చేసేదేముందని అనేవారూ ఉన్నారు. ఆర్కిటిక్ వేసవి మంచుకు దాటితే వెనక్కి రాలేని గీత ఏదీ కనబడలేదు. వేడి తగ్గితే కొద్ది ఏళ్లలోనే మంచు తిరిగి ఏర్పడుతుందని నమూనాలు చూపుతున్నాయి. కనుక ఏ టన్నూ వ్యర్థం కాదు, ఏ టన్నుకూ మినహాయింపు లేదు. రేపు ఏ ప్రభుత్వం ఏ పథకం ప్రకటించినా మూడు ప్రశ్నలు అడగమని విద్యార్థులను కోరుతున్నాను: ఎన్ని టన్నులు తగ్గుతాయి, ఎప్పటికి, ఆ ఖర్చు ఎవరి మీద పడుతుంది? వాటికి సూటిగా బదులిచ్చిన విధానాన్నే సమర్థించండి. బదులివ్వకుండా మంచు మీద అనుమానాలు లేవనెత్తే వారిని, మంచు పేరుతో భయపెట్టే వారిని ఒకే గట్టిదనంతో నిలదీయండి.