బోడసరము



నేడు నేను మాటలాడదలచినది మిక్కిలి చిన్న వస్తువును గూర్చి. వరికోతలు ముగిసి మడులలో తడి యింకను ఆరకయుండు దినములలో, కోతమోళ్ళ నడుమ జానెడెత్తున ఒక మొక్క మొలచును. గోలీకాయవలె గుండ్రని ఊదారంగు పూవు. ఆకు నలిపినచో వాసన చేతిని చాలసేపు విడువదు. సంక్రాంతి సెలవులలో మా మనుమరాలు దానిని కోసి తెచ్చి, "తాతా, కొట్టైక్కరందై!" అన్నది. తెలుగులో నేమందురని అడిగితిని. బిడ్డ తెల్లబోయినది. దాని తల్లియు తెల్లబోయినది.

దాని పేరు బోడసరము.

ఇది చేమంతి కుటుంబపు మొక్క; మన దేశమునకు సహజమైనది; ఏడాదిలోనే దాని జీవితము ముగియును. చేమంతి మనకు ఒక్క పూవుగా కనబడినను, నిజమునకు అది సన్నని పూవుల గుత్తి. బోడసరపు బంతి అట్టి గుత్తులు పెక్కు కూడిన గుత్తి! ఆకుల మొదళ్ళు కాండము వెంబడి క్రిందికి సాగి, రంపపుపళ్ళ రెక్కలవలె అంటియుండును. పిల్లలచేత తడిమి చూపింపుడు.

ఇక పేరుల ముచ్చట. స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు 1753లో దీనికి స్ఫిరాంథస్ ఇండికస్ అని పేరిడెను; భారతదేశపు బంతిపూవని దాని భావము. సంస్కృతమువారికి ఇందు గొరిగించుకొన్న తల కనబడినది, ముండి యనిరి. మన రైతుకును బోడితలయే కనబడినది. తమిళులకు కొట్టై, అనగా గింజ కనబడినది. మన బిడ్డకు ఈ రెండు చూపులును దక్కవలెను. మన తళవాయిపురము పేరిటనే దళవాయి, అనగా సేనాపతి, కూర్చుండియున్నాడు, ఎందరు గమనించితిరి?

2006 నాటి చట్టము పిదప తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగా నిర్బంధమైనది. తమిళము నేర్వవలదని నేననను. మనకు అన్నము పెట్టిన నేల మాట అది. కాని బడిలో తెలుగునకు చోటు ఇరుకైనకొలది, ఇంట మనము పలుకకున్న బోడసరమువంటి మాటను ఇంకెవరు పలుకుదురు? పాఠ్యపుస్తకములలో ఇది యుండదు.

మొక్కకును ఇరుకే. కలుపుమందు చల్లిన మడిలో ఇది నిలువదు. దీని కుటుంబమునదే, 1950లలో పూనాలో కనబడి దేశమంతట ప్రాకిన వయ్యారిభామ మాత్రము దారుల వెంబడి ఏపుగా నున్నది. దురద పుట్టించును గనుక దానిని పిల్లలందరును ఎరుగుదురు!

కోతలైన పిమ్మట ఒక ఆదివారము ఉదయము నేను పిల్లలను మడిగట్ల వెంట తీసికొనిపోవుదును. పెద్దలును రండు. చెప్పులు తొడిగికొని రావలెను, మోళ్ళు గుచ్చుకొనును.