ఓటుకు లెక్క ఉంది, కులానికి లేదు: మేదినీపూర్ లోక్‌సభ స్థానం, ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు

(ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో తెలుగు విద్యార్థులు, పరిశోధకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు ఐఐటీ గేటు దాటి వచ్చారు. కొందరు రైల్వే కాలనీల నుంచి, బస్తీల నుంచి వచ్చారు. చదువులో, జీతంలో మీ మధ్య చాలా దూరం ఉండొచ్చు. ఇక్కడి ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లందరికీ మాత్రం ఎంపీ ఒక్కరే, అది మేదినీపూర్ ఎంపీ. ఆ స్థానం చరిత్రను కులం వైపు నుంచి చదివితే ఏం కనిపిస్తుందన్నదే ఇవాళ్టి నా అంశం.

ముందు దాని రూపురేఖలు చూద్దాం. మేదినీపూర్ లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి: ఏగ్రా, దాంతన్, కేశియారి, ఖరగ్‌పూర్ సదర్, నారాయణ్‌గఢ్, ఖరగ్‌పూర్, మేదినీపూర్. వీటిలో కేశియారి ఎస్టీ రిజర్వుడు. బయటివాళ్లకు ఈ ప్రాంతం అనగానే రైల్వే వర్క్‌షాపు, ఐఐటీ గుర్తొస్తాయి. కానీ ఓట్లలో ఎక్కువ భాగం పల్లెలవే: ఒడిశా సరిహద్దు దాకా పరుచుకున్న వరి పొలాలు, సంతాల్ ఊళ్లు, లోధా శబరుల గుడిసెలు. ఖరగ్‌పూర్ సదర్, మేదినీపూర్ పట్టణాలు ఆ పల్లెల మధ్య రెండు దీవుల్లాంటివి. ఢిల్లీకి ఎవరు వెళ్లాలన్నది ఎక్కువగా పల్లెలే తేలుస్తాయి.

ఇక చరిత్ర. 1952లో ఇది మిడ్నపూర్-ఝార్‌గ్రామ్ పేరుతో ద్విసభ్య నియోజకవర్గం. ఒకే స్థానం నుంచి ఇద్దరు ఎంపీలు, అందులో ఒకరు ఆదివాసీ. జనసంఘ్ నుంచి దుర్గాచరణ్ బెనర్జీ, కాంగ్రెస్ నుంచి భరత్ లాల్ టుడు గెలిచారు. ఆ ఎన్నికలో దేశం మొత్తం మీద జనసంఘ్‌కు వచ్చినవి మూడే సీట్లు, వాటిలో ఇదొకటి. కాబట్టి ఇక్కడ ఆ రాజకీయం 2019లో కొత్తగా పుట్టిందనుకోవడం పొరపాటు. 1957లోనూ ఇద్దరే: నరసింగ మల్ల దేవ్, సుబోధ్ చంద్ర హాంస్దా, ఇద్దరూ కాంగ్రెస్.

ఈ ద్విసభ్య పద్ధతి గురించి విద్యార్థులుగా మీరు కాస్త లోతుగా చదవాలి. దాని వేళ్లు 1932 పూనా ఒడంబడికలో ఉన్నాయి. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, ఉమ్మడి ఓటర్ల మధ్య రిజర్వు సీట్లు వచ్చాయి. అలాంటి ద్విసభ్య స్థానంలోనే, 1952లో ఉత్తర బొంబాయిలో, బాబాసాహెబ్ స్వయంగా ఓడిపోయారు. రిజర్వు సీటులో ఎవరు కూర్చోవాలో మిగతా ఓటర్లే నిర్ణయిస్తారన్న ఆయన వాదనకు ఆ ఓటమే సాక్ష్యం.

అయితే అదే పద్ధతి ఒకచోట ఎదురు తిరిగింది. ఎక్కడో కాదు, మన పార్వతీపురంలో. 1957లో అక్కడి ద్విసభ్య లోక్‌సభ స్థానంలో వి.వి. గిరి పోటీ చేశారు. ఓట్ల లెక్కలో ఇద్దరు గిరిజన అభ్యర్థులూ ఆయనకంటే ముందున్నారు. ఒకరికి రిజర్వు సీటు, రెండోవారైన డిప్పల సూరిదొరకు జనరల్ సీటు దక్కాయి. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గిరిజనుడు జనరల్ సీటుకు అనర్హుడు కాడని 1959లో కోర్టు తేల్చింది. రెండేళ్లు తిరక్కుండానే, 1961లో, పార్లమెంటు ద్విసభ్య స్థానాలను రద్దు చేసింది. పరిపాలన సౌలభ్యం గురించి ఎన్ని కారణాలైనా చెప్పొచ్చు. ‘జనరల్’ అంటే అగ్రకులాలకు రాసిచ్చిన సీటు కాదని పార్వతీపురం ఓటర్లు రుజువు చేసిన తర్వాతే ఈ రద్దు జరిగిందన్న సంగతి మాత్రం మనం గుర్తుపెట్టుకోవాలి.

రద్దు తర్వాత ఝార్‌గ్రామ్ ఎస్టీ స్థానంగా విడిపోయింది, మిడ్నపూర్ జనరల్ అయింది. 1962లో కాంగ్రెస్ నుంచి గోవింద కుమార్ సింఘా, 1967లో బంగ్లా కాంగ్రెస్ నుంచి సచీంద్రనాథ్ మైతి గెలిచారు. 1969 ఉపఎన్నికలో వి.కె. కృష్ణ మీనన్ వచ్చారు. ఆయన కేరళవాడు, మాజీ రక్షణ మంత్రి. బొంబాయిలో ఓడిపోయిన మనిషిని యునైటెడ్ ఫ్రంట్ మద్దతుతో ఇక్కడి ఓటర్లు లక్షకు పైగా ఆధిక్యంతో గెలిపించారు. 1971లో సుబోధ్ చంద్ర హాంస్దా మళ్లీ గెలిచారు, ఈసారి జనరల్ సీటు నుంచి. ఆ తర్వాత ఈ స్థానం నుంచి ఆదివాసీ ఎవరూ లోక్‌సభకు వెళ్లలేదు.

1977 జనతా గాలిలో సుధీర్ ఘోషాల్ గెలిచారు. 1980, 1984లలో సీపీఐ నుంచి నారాయణ్ చౌబే. 1989 నుంచి 1999 దాకా వరసగా ఐదుసార్లు సీపీఐ నాయకుడు ఇంద్రజిత్ గుప్తా. 1996లో ఆయన కేంద్ర హోం మంత్రి కూడా అయ్యారు. 2001లో ఆయన మరణించాక ప్రబోధ్ పాండా ఉపఎన్నికలోనూ, 2004, 2009లలోనూ గెలిచారు. అంటే మూడు దశాబ్దాలకు పైగా ఇది సీపీఐ కోట. 2014లో తృణమూల్ నుంచి సినీనటి సంధ్యా రాయ్, 2019లో సుమారు 89 వేల ఆధిక్యంతో బీజేపీ నుంచి దిలీప్ ఘోష్, 2024లో సుమారు 27 వేల ఆధిక్యంతో తృణమూల్ నుంచి మరో నటి జూన్ మాలియా.

ఈ జాబితాలో రెండు విషయాలు చూడండి. మొదటిది, ఈ ప్రాంతం బయటివాళ్లను కాదనలేదు. మలయాళీని గెలిపించింది, కలకత్తా నాయకుణ్ణి గెలిపించింది, సినిమా తారలను గెలిపించింది. అసెంబ్లీకి ఖరగ్‌పూర్ పట్టణం నుంచి సిక్కు అయిన జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్‌ను పదిసార్లు పంపింది. రెండోది, నాయకుడిగా వచ్చిన బయటివాడికి తెరుచుకున్న తలుపు, కూలీగా వచ్చిన బయటివాడికి తెరుచుకోలేదు.

ఆ కూలీలు ఎవరు? మనవాళ్లే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు కట్టినప్పుడు తూర్పు తీరం లైను వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం వైపు నుంచి వచ్చినవాళ్లు. గ్యాంగుల్లో, లోకో షెడ్డుల్లో, పారిశుధ్య పనుల్లో చేరినవాళ్లు. 1920ల చివర ఈ రైల్వేలో జరిగిన పెద్ద సమ్మెలకు నాయకత్వం వహించింది కూడా అదే వి.వి. గిరి. యూనియన్‌లో నాయకుడిది ఒక కులం, పట్టాల మీద పలుగు పట్టినవాడిది మరో కులం. 1938లో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ మాట్లాడింది ఈ తేడా గురించే. అంటరాని కార్మికుణ్ణి గ్యాంగ్‌మన్ పనికే పరిమితం చేసి వర్క్‌షాపులోకి రానివ్వకపోతే, కార్మిక ఐక్యత అన్న మాటకు అర్థమేమిటని ఆయన నిలదీశారు. పెట్టుబడితో పాటు బ్రాహ్మణవాదం కూడా కార్మికుడి శత్రువేనని చెప్పారు. సీపీఐ కోటగా ఉన్న మూడు దశాబ్దాల్లో ఆ ప్రశ్నను ఇక్కడ ఎవరైనా వేశారా అన్నది మంచి పరిశోధనాంశం.

పట్టణ రాజకీయంలో తెలుగు ఓటు బలం అందరికీ తెలుసు. 2019 మే నెలలో ఖరగ్‌పూర్ సదర్ సెగ్మెంటులో బీజేపీకి సుమారు 45 వేల ఆధిక్యం వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి నవంబరు అసెంబ్లీ ఉపఎన్నికలో అదే చోట తృణమూల్ సుమారు 21 వేలతో గెలిచింది. ఆ తర్వాత 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. కొన్ని నెలల్లోనే, 2021లో, ఇక్కడ బీజేపీ నాలుగు వేల లోపు ఆధిక్యంతో బయటపడింది. ఎన్నికల ముందు వచ్చిన గుర్తింపైనా సరే, భాషకు గుర్తింపు మంచిదే. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ గుర్తింపు ‘తెలుగువాళ్లు’ అనే ఒక్క ముద్దకు వచ్చింది. ఆ ముద్దలో మాల, మాదిగ, రెల్లి ఎక్కడున్నారు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాజ్యాంగం 341 అధికరణ ప్రకారం షెడ్యూల్డ్ కులాల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. పశ్చిమ బెంగాల్ జాబితాలో 60 కులాలున్నాయి. అందులో మాల లేదు, మాదిగ లేదు, రెల్లి లేదు. ‘మాల్’ అనే పేరు కనిపిస్తుంది గానీ అది ఇక్కడి బెంగాలీ కులం, మన మాల కాదు. కాబట్టి మూడు తరాలుగా ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన మాదిగ ఇంటి పిల్ల, ఈ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగానికి, ఈ రాష్ట్ర కోటా సీటుకు జనరల్ అభ్యర్థి. కేంద్ర ఉద్యోగాలకు సొంత రాష్ట్రపు పత్రం పనికొస్తుంది. తండ్రికి అక్కడ ఇచ్చిన పత్రం చూపితే ఇక్కడి అధికారి కూడా పత్రం ఇవ్వొచ్చని కేంద్ర హోం శాఖ 1980లలోనే సూచించింది. కానీ తాత సంచిలో కాగితాలతో రాలేదు, పలుగూ పారా పట్టుకోవడానికి వచ్చాడు.

ఈ సూత్రాన్ని స్థిరపరచిన కేసు కూడా తెలుగువాడిదే. 1990 నాటి మర్రి చంద్రశేఖరరావు కేసు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన విద్యార్థి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్లి, అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలోని గుర్తింపు మరో రాష్ట్రానికి వెంట రాదని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. కోర్టు వాదనలో కొంత న్యాయం లేకపోలేదు: స్థానిక బాగ్దీ, బౌరి, నామశూద్ర కులాల వాటాను బయటినుంచి వచ్చినవాళ్లు తీసుకుపోకూడదు. ఆ వాటాకు మనం అడ్డుపడకూడదు కూడా. కానీ వలస వచ్చినవాడి వెంట అంటరానితనం వచ్చింది, దానికి మందుగా రాసిన హక్కు మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోయింది. దీనికి జవాబు చెప్పాల్సింది పార్లమెంటు. 341 జాబితాలో పేరు చేర్చే అధికారం దానిదే.

ఎన్నికల చట్టంలో ఈ వైరుధ్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎస్సీ రిజర్వుడు లోక్‌సభ సీటుకు ఏ రాష్ట్రపు ఎస్సీ అయినా పోటీ చేయొచ్చు. 5వ సెక్షన్ ప్రకారం అసెంబ్లీ రిజర్వు సీటుకు ఆ రాష్ట్రపు ఎస్సీయే కావాలి. అంటే సొంత రాష్ట్రపు పత్రం ఉన్న ఖరగ్‌పూర్ మాల యువకుడు విష్ణుపూర్ ఎస్సీ లోక్‌సభ స్థానానికి నామినేషన్ వేయొచ్చు. పొరుగునే ఉన్న కేశ్‌పూర్ ఎస్సీ అసెంబ్లీ స్థానానికి వేయలేడు. ఢిల్లీకి దళితుడు, కలకత్తాకు కాడు.

ఇక్కడ ఒక చారిత్రక సత్యం చెప్పాలి. 1946లో రాజ్యాంగ సభలోకి బొంబాయి తలుపులు మూసుకుంటే, బాబాసాహెబ్ బెంగాల్ శాసనసభ ఓట్లతో లోపలికి వెళ్లారు. జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచర నామశూద్ర నాయకులు ఆ పని చేశారు. ఒక మహర్ నాయకుణ్ణి బెంగాల్ దళితులు తమవాడనుకున్నారు. భాష అడ్డు రాలేదు, రాష్ట్రం అడ్డు రాలేదు. మనకు కావాల్సిన పాఠం అందులోనే ఉంది.

అందుకే మన గురించి మాత్రమే మాట్లాడి ఆపేయలేను. ఈ నియోజకవర్గం పల్లెల్లో లోధా శబరులున్నారు. బ్రిటిష్ పాలన వాళ్లకు ‘నేరస్థ తెగ’ అని ముద్ర వేసింది. మన ఎరుకలవాళ్లకు వేసిన ముద్రే అది. లోధా శబరుల్లో తొలి మహిళా పట్టభద్రురాలు చూని కోటాల్ ఈ జిల్లా బిడ్డ. విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతూ, కుల వేధింపులు భరించలేక 1992 ఆగస్టులో ప్రాణం తీసుకుంది. రోహిత్ వేములకు 24 ఏళ్ల ముందు మాట ఇది. ఇక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థికి రోహిత్ పేరు తెలిసి, చూని పేరు తెలియకపోతే, మనం ఈ నేల మీద అద్దెకే ఉన్నట్టు.

మరి చేయాల్సిందేమిటి? మూడు పనులు చెబుతాను. ఒకటి, ఎన్నికల సంఘం బూత్‌ల వారీగా ప్రచురించే ఫారం 20 లెక్కలు తీసుకుని రైల్వే వార్డులను, కేశియారి, దాంతన్ పల్లెలను పక్కపక్కన పెట్టి చదవండి. ‘తెలుగు ఓటు బ్యాంకు’ అనే మాట ఎంతవరకు నిజమో తేల్చండి. రెండు, 2027 జనగణనలో కులం అడుగుతారు. ప్రతి తెలుగు ఇంటికీ వెళ్లి, కులం దగ్గర ‘తెలుగు’ అని గానీ ‘మద్రాసీ’ అని గానీ రాయించకుండా చూడండి. లెక్కలో లేని కులం జాబితాలోకి రాదు. మూడు, ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఒకే ప్రశ్న అడగండి: భాషకు గుర్తింపు ఇచ్చారు సరే, వలస దళితుల హక్కు గురించి పార్లమెంటులో ఒక్క ప్రశ్నైనా వేస్తారా? జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ ఊరి పట్టాలు మనవాళ్లు వేసినవే. ఈ నియోజకవర్గం చరిత్ర రాసే పని కూడా మనం మొదలుపెట్టాలి. బాగ్దీ, బౌరి, సంతాల్, లోధా మిత్రులతో కలిసి రాయాలి.

జై భీమ్.